ఇంటి చదువునకు కళాశాల వాకిలి



దరఖాస్తు కాగితములోని ఒక చిన్న గడిని గుఱించి ఈ సాయంకాలము మీతో ముచ్చటింప దలచితిని. ఆ గడిని మీలో పలువురు ఎప్పుడో యొకప్పుడు నింపియే యుందురు. కళాశాలలో చేరగోరు విద్యార్థి తన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది వ్రాసిన పిమ్మట, "చివర చదివిన పాఠశాల" అని యొక గడి యుండును. బడికి పోయినవానికి దానిని నింపుట అరనిముసపు పని. ఇంటికడ చదువుకొన్నవానికి అదియే పెద్ద చిక్కు.

మా పెద్దమ్మకు ఈ చిక్కు 1951లో వచ్చినది. మా యూరి బడి ఐదవ తరగతితో ముగియుచుండెను. ఆపైన చదువవలె నన్నచో ఏఱు దాటి నాలుగు మైళ్లు నడువవలెను. ఆడపిల్లను అంతదూరము పంపుటకు ఇంటిలో ఎవరును ఒప్పుకొనలేదు. మా తాతగారు ఆమెకు ఇంటనే లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు నేర్పిరి. సంస్కృతము మాత్రము పొరుగింటి శాస్త్రులవారు దీపాలవేళ అరుగుమీద కూర్చుండి చెప్పిరి. పదునాఱవ యేట ఆమె ప్రైవేటుగా మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండి మంచి మార్కులతో గెలిచెను. అటుపై పట్టణమున నొక కళాశాలకు దరఖాస్తు పెట్టిరి. చోటు దొరకినది, కాని జీతము కట్టుటకు తాతగారికి శక్తి లేదు. పేద విద్యార్థులకిచ్చు ఉపకారవేతనమునకై మఱియొక కాగితము పంపగా, అది పది దినములలో తిరిగి వచ్చెను. ప్రధానోపాధ్యాయుని చేవ్రాలు లేనందున దీనిని పరిశీలించుటకు వీలులేదని దానిమీద ఎఱ్ఱసిరాతో వ్రాసి యుండెను. పిల్ల నడవడిని గుఱించి, హాజరును గుఱించి సాక్ష్యము చెప్పవలసినవాడు ప్రధానోపాధ్యాయుడు. మా పెద్దమ్మకు ప్రధానోపాధ్యాయుడు కన్నతండ్రియే. తండ్రి చేవ్రాలు చెల్లదు.

ఆ కళాశాల పేరు చెప్పుట అనవసరము. అక్కడి గుమాస్తా తనకున్న నియమము ప్రకారమే వ్రాసెను. అట్టి నియమము ఇంకను చాలచోట్ల నుండెను. ఆ నియమము ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనవలె నను కోరికయే నన్ను కొంతకాలము పుస్తకశాలలలో త్రిప్పినది.

పూర్వము మన దేశమున చదువునకు ధనసహాయము చేసినవారు "నీకేమి వచ్చును?" అని అడిగిరే గాని "ఎక్కడ చదివితివి?" అని సాధారణముగా అడుగలేదు. పుణ్యపట్టణమున పీష్వాల కాలమునాటి దక్షిణ యిందుకు మంచి నిదర్శనము. దాభాడే వంశీయులు ఆరంభించిన ఆ దానమును పీష్వాలు తమ చేతికి తీసికొని మిక్కిలి పెంచిరి. ఏటేట శ్రావణమాసమున నానాదేశముల పండితులు పుణెకు చేరుచుండిరి. వేదములయందును, శాస్త్రములయందును వారిని పరీక్షించి, పాండిత్యమును బట్టి రూకలు పంచుచుండిరి. గురువు తండ్రి కావచ్చును, మేనమామ కావచ్చును. ఆ విచారణ లేదు. కాని యొక మాట దాచరాదు. ఎక్కడ చదివితివని అడుగని ఆ సభ, నీ కులమేమి యని మాత్రము తప్పక అడుగుచుండెను. బ్రాహ్మణేతరులకును, స్త్రీలకును అచ్చట ప్రవేశమే లేదు. కనుక ఆ కాలమును స్వర్ణయుగ మనుటకు నాకు నోరు రాదు.

1818లో పీష్వాల రాజ్యము పోయి కుంపిణీ యేలుబడి వచ్చినది. ఎల్ఫిన్‌స్టన్ దొర ఈ దానమును ఒక్కమాఱుగా ఆపివేయుటకు జంకెను. దానిని తగ్గించి, మిగిలిన ధనములో కొంత వెచ్చించి 1821లో పుణెలో సంస్కృత పాఠశాలను తెఱపించెను. రానురాను ఆ దక్షిణ నిధి కళాశాలలలోని ఫెలోషిప్పులుగా మాఱినది. మహాదేవ గోవింద రానడేగారు అట్టి దక్షిణ ఫెలోలలో నొకరు. గమనింపుడు: ధనము అదియే, పేరును ఇంచుమించుగా అదియే. కాని శ్రావణమాసమున సభకు వచ్చినవానికి చేరిన రూక, ఇప్పుడు కళాశాల జాబితాలో పేరున్నవానికే చేరెను. దీనివలన కులపు తలుపు కొంత సడలినది. ఇంటి తలుపు మూయబడినది. ఈ రెండును ఒకే మార్పులో జరిగినవి. అందుచేతనే ఈ చరిత్రను తేలికగా మెచ్చుటకును వీలులేదు, నిందించుటకును వీలులేదు.

మన తెలుగునాట వారములు చేసికొని చదువుట పెద్దలు పలువు రెఱిగినదే. ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, దినమున కొక యింట భోజనము చేసి, గురువుగారి యరుగుమీద చదువుకొనెడివారు. ఉపకారవేతనమునకు తెలుగుపేరు పెట్టవలసి వచ్చినచో నేను దానికి వారమనియే పేరు పెట్టెదను. అన్నము పెట్టు ఇల్లాలు హాజరుపట్టీ అడిగి యెఱుగదు.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు మూడును వెలసినవి. లండను విశ్వవిద్యాలయపు మాదిరిని బట్టి, తాము పాఠములు చెప్పక, పరీక్షించి పట్టము లిచ్చు సంస్థలుగానే అవి ఆరంభమైనవి. ఆ మఱుసటి యేడే, అనగా 1858లో, లండనువారు ఇంకొక అడుగు వేసిరి. వైద్యము తప్ప తక్కిన పట్టముల విషయమున, విద్యార్థి ఫలానా కళాశాలలోనే చదివి యుండవలె నను నియమమును తీసివేసిరి. ఇంట చదివినను, ద్వీపాంతరమున చదివినను, పరీక్షలో గెలిచినవాడు పట్టభద్రుడే. మనవారు తల్లిని అనుసరించిరి గాని తల్లి వేసిన ఈ అడుగును అనుసరింపలేదు. మెట్రిక్యులేషను గుమ్మమువఱకు ప్రైవేటుగా వచ్చుటకు వీలుండెను. గుమ్మము దాటిన పిమ్మట కళాశాల హాజరు లేనిదే పై పరీక్షలకు దారి దొరకుట అరుదు. మా పెద్దమ్మ ఆగిపోయినది సరిగా ఈ గుమ్మమునొద్దనే.

ఆమెకంటె అర్ధశతాబ్దము ముందు అదే గుమ్మమునొద్ద నిలువబడిన యొక బాలిక కథ చెప్పెదను. పుదుక్కోట సంస్థానమున 1886లో పుట్టిన ముత్తులక్ష్మిగారి పేరు మీరు విని యుందురు. తండ్రి నారాయణస్వామి అయ్యరుగారు విద్యావంతులు, మహారాజా కళాశాలకు అధ్యక్షులుగా పనిచేసినవారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబములో పుట్టినది. బాలిక కొంతకాలము బడికి పోయినది. ఈడు వచ్చిన పిమ్మట ఆనాటి యాచారము ప్రకారము బడి మాన్పించిరి. చదువు మాత్రము మానలేదు. ఇంట చదివియే ఆమె 1902లో మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థురాలయ్యెను.

ఇప్పుడు కళాశాల. ఊరిలో నున్నది మగపిల్లల కళాశాల యొక్కటే. ఆమె దరఖాస్తు చూచి అప్పటి అధ్యక్షుడు అభ్యంతరము చెప్పెను. ఆమె పుట్టుక ఒక కారణము. ఆమె రాకవలన మగపిల్లల నడవడి చెడునను భయము మఱియొక కారణము. ఈ రెండవ కారణమును వినినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. చెడిపోవుటకు సిద్ధముగా నున్నవారు లోపల నుండగా, చదువుకొనుటకు వచ్చిన పిల్లను బయట నిలుపుట వింత న్యాయము. రాజా మార్తాండ భైరవ తొండమానుగారు ఆ యభ్యంతరములను త్రోసిపుచ్చి, ఆమెను చేర్చుకొనుడని ఆజ్ఞాపించిరి. అంతటితో ఊరకొనక ఉపకారవేతనమును గూడ మంజూరు చేసిరి. ఇందులో నాకు ముఖ్యముగా తోచున దేమనగా, ప్రవేశ మొక్కటే యిచ్చి వేతనము మఱచినచో ఆ యాజ్ఞ సగము పనియే చేసి యుండెడిది. ముత్తులక్ష్మిగారు 1907లో మద్రాసు వైద్యకళాశాలలో చేరి 1912లో పట్టము పుచ్చుకొనిరి. మన రెడ్డి కుటుంబములో మెట్టి, డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగా ప్రసిద్ధి కెక్కి, మద్రాసు శాసనసభకు ఉపాధ్యక్షురాలై, దేవదాసీ విధానమును రూపుమాపుటకు పోరాడి, 1954లో అడయారున క్యాన్సరు ఆసుపత్రిని నెలకొల్పిరి. ఒక రాజుగారి చేవ్రాలు ఎంత దూరము పోయినదో చూడుడు. అయితే ప్రతి పిల్లకును రాజు దొరకడు. రాజు దయ యున్నచోట నియమముతో పని లేదు. దయ లేనిచోట నియమమే దిక్కు. ఆ నియమము వంకరగా నున్నప్పుడు ఏమి చేయవలె నన్నది ప్రశ్న.

దీనికి జవాబు వెదకినవారు మన తెలుగు మహిళ, దుర్గాబాయిగారు. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన ఈమె చిన్ననాడే ఇంగ్లీషు బడిని విడిచి, హిందీ నేర్చుకొని, తానే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల పెట్టినది. 1923 కాకినాడ కాంగ్రెసునాటి ప్రదర్శనశాల ద్వారమునొద్ద టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూగారిని ఆపిన కథ అందఱికిని తెలిసినదే. ద్వారమునొద్ద నిలిచి కాగితము అడిగిన ఆ బాలికను, కొన్నేండ్లకు లోకము అనేక ద్వారములయొద్ద కాగితము అడిగినది! ఉప్పు సత్యాగ్రహ కాలమున చెఱసాలలకు పోయి వచ్చిన పిమ్మట ఆమెకు చదువుమీద పట్టుదల కలిగెను. ఇరువది యేండ్లు దాటినవి. వరుసగా చదివిన తరగతులు లేవు. బడి సర్టిఫికెట్టు లేదు. ఏ ఉన్నతపాఠశాల ఆమెను ఏ తరగతిలో కూర్చుండబెట్టును?

ఆ కాలమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారు ప్రైవేటుగా చదివిన స్త్రీలను తమ మెట్రిక్యులేషనుకు రానిచ్చుచుండిరి. ఈ యొక్క నియమము తెలుగు, తమిళ దేశములలోని ఎందఱు వితంతువులకు, భర్తలు విడిచినవారికి, బడి మానిన బాలికలకు దారి చూపినదో లెక్క వేయుట కష్టము. దుర్గాబాయిగారు ఇంట చదివి ఆ పరీక్షలో గెలిచిరి. ఇంటర్మీడియేటును ముగించి, రాజనీతిశాస్త్రము చదువుటకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వాల్తేరు వచ్చిరి. అప్పుడు ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. అర్హత విషయమున పేచీ లేదు. కాని స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనుట కష్టమని చెప్పిరి. మఱియొకరైనచో తిరుగుబండి యెక్కి యుందురు. ఆమె పత్రికలలో ప్రకటన వేసి, చదువగోరు బాలికలు వచ్చి తన్ను కలిసికొనవలసినదని కోరెను. వచ్చినవారినందఱను చేర్చి తానే యొక వసతిగృహము నడపి, ఇదిగో మీరడిగిన హాస్టలని చూపెను. రెడ్డిగారు రసజ్ఞులు, ఆపై అడ్డు చెప్పలేదు.

1939లో ఆమె ఆనర్సు పట్టము పొందెను. లండనులో పై చదువునకు టాటావారి ఉపకారవేతనమును లభించెను. ఇంట చదివి మొదలిడిన యొక తెలుగు స్త్రీకి లండను అర్థశాస్త్ర విద్యాలయపు ద్వారము తెఱచుకొన్నది. అంతలో ప్రపంచయుద్ధము వచ్చి ఓడలదారి మూసికొన్నది. ఆమె మద్రాసులో న్యాయశాస్త్రము చదివి 1942లో పట్టము పుచ్చుకొనెను.

కాని ఇంతకంటె గొప్పపని ఆమె 1937లోనే మొదలు పెట్టినది. మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళాసభ తొలినాటి పనులలో ముఖ్యమైనది, బడికి పోజాలని స్త్రీలను కాశీ మెట్రిక్యులేషనుకు తయారు చేయుట. తాను దాటిన గుమ్మమునొద్దనే కూర్చుండి, వెనుక వచ్చువారికి చేయూత నిచ్చినది. స్వరాజ్యము వచ్చిన తరువాత, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె అధ్యక్షురాలయ్యెను. 1958లో ఆ మండలి, వయసు మీఱిన స్త్రీలకు రెండేండ్లలో మెట్రిక్యులేషను చదువు ముగించు సంక్షిప్త శిక్షణ తరగతులను ఆరంభించెను. ఒక్కతె యొక్క పట్టుదలగా నున్నది దేశమునకు ఏర్పాటుగా మాఱుట యనగా ఇదియే.

తెలుగుదేశమునకు ఈ విషయమున మఱియొక గౌరవము గలదు. ఇంగ్లండులో 1969లో ఓపెన్ యూనివర్సిటీ వెలసినది. భారతదేశమున అట్టి మొదటి విశ్వవిద్యాలయము 1982 ఆగస్టు 26వ తేదిన హైదరాబాదులో ఏర్పడినది. దానికి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమని పేరు. మొదటి ఉపాధ్యక్షులు జి. రామరెడ్డిగారు. 1991లో డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. ఏ బడి సర్టిఫికెట్టును లేనివారికి ఒక అర్హతపరీక్ష పెట్టి, అందులో గెలిచినవారిని పట్టపుచదువునకు చేర్చుకొనుట ఆనాడు ఆ సంస్థ చేసిన సాహసము. "నీకేమి వచ్చును?" అను పాత ప్రశ్న మరల వినబడెను, ఈసారి కులపు ప్రశ్న దాని వెంట రాలేదు.

పాఠశాల విషయమున నేటి స్థితి కొంత మేలు. 1979లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి ప్రయత్నముగా మొదలైన సార్వత్రిక పాఠశాల, 1989లో స్వతంత్ర సంస్థయై, నేడు ఎన్.ఐ.ఓ.ఎస్. అను పేరుతో ప్రసిద్ధమైనది. ఇంట చదువు పిల్లవాడు దానిలో పేరు నమోదు చేయించుకొని పదవ తరగతి, పండ్రెండవ తరగతి పరీక్షలు వ్రాయవచ్చును. తెలుగు రాష్ట్రములు రెంటికిని సొంత సార్వత్రిక పాఠశాలా సంస్థలు గలవు. అయినను గుమ్మములు పూర్తిగా తొలగలేదు. వైద్యవిద్య నియమములలో, సార్వత్రిక పాఠశాలలో చదివినవారు ప్రవేశపరీక్షకు అనర్హులని యొక నిబంధన యుండెడిది. అన్ని అంశములు చదివి, ప్రయోగపరీక్షలును ముగించిన పిల్లలను సైతము అది ఆపినది. 2018లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసెను. 2024లో సర్వోన్నతన్యాయస్థానమునందు ఆ వివాదము ముగిసినది. ముత్తులక్ష్మిగారి దరఖాస్తుకు రాజుగారు చేసిన పనిని ఇప్పుడు న్యాయస్థానము చేసినదన్న మాట.

ఉపకారవేతనముల సంగతి ఇంకను మెలికగానే యున్నది. ఎనిమిదవ తరగతి పిల్లలకు కేంద్రప్రభుత్వము పరీక్ష పెట్టి యిచ్చు ప్రతిభావేతనము ప్రభుత్వ, ఎయిడెడు, స్థానికసంస్థల బడులలో చదువువారికే. ఇంట చదువు పేదపిల్ల, ఎంత తెలివిగలదైనను, ఆ పరీక్షకు కూర్చుండుటకే వీలులేదు. దీనికి కారణము లేకపోలేదు. సర్కారు బడికి పోవు పేదపిల్లను ఆదుకొనుటయే దాని ఉద్దేశము. ఇంట చదువు పిల్లలలో కలవారి బిడ్డలును గలరు. కాని ఏఱు దాటలేక ఇంట నిలిచిన పిల్లయు, కారెక్కి బడికి పోగలిగియు ఇంట నిలిచిన పిల్లయు ఒకటి కారు. ఆ యిద్దఱిని వేఱుచేయు గడి కాగితములో ఎక్కడను లేదు. తలిదండ్రుల ఆదాయపత్రమును నమ్ము ప్రభుత్వము, అదే తలిదండ్రులు చెప్పిన చదువును పరీక్షించి చూచుటకు ఏల వెనుదీయవలెనో నాకు బోధపడలేదు. పరీక్షించినపిమ్మట పనికిరాదనిన ఎవరికి కోపము?

బిడ్డలను ఇంట చదివించు తలిదండ్రు లెవరైన ఈ ప్రసంగమును వినుచున్నచో ఒక్క మాట మనవి చేసికొందును. కళాశాల వేళకు మేలుకొనిన లాభము లేదు. పదవ తరగతికి ముందే సార్వత్రిక సంస్థలో పేరు నమోదు చేయింపుడు. కోరిన కళాశాల ఏయే అంశములు చదివి యుండవలె నన్నదో ముందుగా కనుగొనుడు. విజ్ఞానశాస్త్రములైనచో ప్రయోగపరీక్షలను మానిపింపకుడు. వేతనపు నియమములలో "రెగ్యులర్" అను మాట ఎక్కడ నున్నదో వెదకి, అది మునుపటి బడిని గుఱించినదా, ఇప్పుడు చేరు కళాశాలను గుఱించినదా అని అడుగుడు. రెండవదియే యైనచో చాలమాఱులు భయము లేదు. కేంద్రప్రభుత్వమువారు కళాశాల విద్యార్థుల కిచ్చు వేతనమునందు ఆ మాట పట్టపుచదువునకే సంబంధించినది. దూరవిద్యగా పట్టము చదువువారికి అది చెందదు. మా తాతగారు ఈ విషయములు తెలియకయే కాగితము పంపిరి. తెలిసి యున్నను 1951లో చేయగలిగినది స్వల్పము.

పెద్దమ్మకు ఆ మఱుసటి సంవత్సరమే పెండ్లి చేసిరి. ముగ్గురు బిడ్డలను ఇంట చదివించి, బడిలో రెండవ తరగతికి బదులు నాలుగవ తరగతిలో చేర్పించినది. 1983లో, తన నలువదియెనిమిదవ యేట, సార్వత్రిక విశ్వవిద్యాలయపు అర్హతపరీక్షకు కూర్చుండెను. ఆమె మెట్రిక్యులేషను గెలిచినది నిజమే. కాని ఇంటర్మీడియేటు లేదు గదా. ఆదివారముల తరగతులకు అప్పడాల పెట్టెంత పుస్తకాలసంచి మోసికొని పోవుచుండగా నేను చూచితిని. చరిత్ర, రాజనీతి, తెలుగు చదివి నాలుగేండ్లకు బి.ఏ. పూర్తిచేసెను. ఆ వార్త చెప్పుటకు తాతగారు లేరు.

ఆమె పోయిన తరువాత ఇనుపపెట్టె తెఱవగా పట్టము పైన నుండెను. దాని క్రింద, ఎఱ్ఱసిరాతో తిరిగి వచ్చిన ఆ 1951 నాటి కాగితము. చివర చదివిన పాఠశాల అను గడిలో మా తాతగారి గుండ్రని దస్తూరితో "స్వగృహము" అని వ్రాసి యున్నది.